కాలవ కట్ట మీద నాలుగో నియమం

ఆ ఆదివారం పొద్దున తెనాలి కాలవ కట్ట మీద ఉన్నవాళ్ళు, ఉన్నవి ఇవి.

నలుగురు పిన్నిగార్లు, ఒకే వరసలో, కట్ట వెడల్పంతా నింపుతూ. వెనక్కి నడిచే బాబాయిగారు ఒకరు. కర్ర ఉన్నవాళ్ళని వదిలేసి, లేనివాళ్ళ వెంట మాత్రమే పడే కుక్కలు మూడు. రెండు వైపులా పాల క్యాన్లు వేలాడదీసిన సైకిళ్ళు రెండు. ఎవరో ఇల్లు కట్టుకుందామని తెప్పించి, కట్టడం మానేసి, దారిలో సగం మేర వదిలేసిన ఇసక గుట్ట ఒకటి. ముందు బుట్ట ఉన్న లేడీస్ సైకిలు ఒకటి, దాని మీద నలభై దాటిన ఒక అక్క, వెనక క్యారియర్ పట్టుకుని ఆమె అత్తగారు. టీ బండి. రెండు కరెంటు స్తంభాలు, వాటి మధ్య కట్టిన ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద పదకొండు నియమాలు. నియమాల పక్కన, చేతులు జోడించి నవ్వుతున్న నా ఫొటో.

ఫ్లెక్సీ కింద నేను, హెల్మెట్‌తో.

ఫొటో సంగతి ముందే చెప్పేస్తాను. ఫ్లెక్సీ షాపుకి నేను ఇచ్చింది నియమాలు మాత్రమే. షాపతను వాటిని కంప్యూటర్లో పేర్చి, "ఫొటో ఎవరిది సార్?" అన్నాడు.

"ఫొటో లేదండి."

అతను కుర్చీ నా వైపు తిప్పాడు. "ఫొటో లేకపోతే ఎవరు వేయించారో ఎలా తెలుస్తుంది సార్?"

"తెలియక్కర్లేదండి."

"మరి దేనికి వేయిస్తున్నారు?"

పాన్ కార్డు కోసం తీయించిన ఫొటో ఫోన్లో ఉంటే పంపాను. అందులో ముఖమే ఉంది, చేతుల్లేవు. చేతులు అతనే ఎక్కణ్ణించో తెచ్చి అతికించాడు. నా బక్క మొహం కింద, బంగారు రంగు గడియారం పెట్టుకున్న ఒక బొద్దు పెద్దమనిషి చేతులు ఊరికి నమస్కారం పెడుతున్నాయి.

పిన్నిగార్లలో పొడవాటావిడ ఫ్లెక్సీని కింది నుంచి పైదాకా చూసి, "ఏ పార్టీ బాబూ?" అంది.

"పార్టీ కాదండి పిన్నిగారూ. ఇది భద్రత."

"కొత్తగా పెట్టారా?"

నేను చదివింది మెకానికల్. వేరే ఊళ్ళో ఉన్న ఒక కంపెనీకి ఇంట్లోంచే పని చేస్తాను. వాళ్ళు ఫ్యాక్టరీ యంత్రాల బొమ్మలు పంపిస్తారు. ఏ యంత్రంలో ఎక్కడ చెయ్యి ఇరుక్కోవచ్చు, ఎక్కడ కాలు జారవచ్చు, ఎక్కడ చొక్కా చుట్టుకోవచ్చు అని పట్టిక రాసి తిరిగి పంపడం నా ఉద్యోగం. జరగని ప్రమాదాలకి జీతం తీసుకునే మనిషిని. ఈ పని కొన్నేళ్ళు చేసేసరికి, ఏ వస్తువుని చూసినా అది మనిషిని ఎన్ని రకాలుగా గాయపరచగలదో ముందు కనిపించడం మొదలైంది. మా వంటింట్లో గ్రైండర్ పక్కన నేను అంటించిన హెచ్చరిక కాగితం ఒకటుంది. మా అమ్మ దాని మీద గ్యాస్ వాళ్ళ ఫోన్ నంబరు రాసుకుంది.

కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తే డాక్టరుగారు సైకిలు తొక్కమన్నారు. బాపట్లలో తెలిసినాయన ఒకరు గేర్ల సైకిలు అమ్ముతున్నారంటే వెళ్ళి కొన్నాను. అక్కణ్ణించి తెనాలికి దాన్ని తొక్కుకుంటూ రావాలని ప్రణాళిక. ఎక్కడ నీళ్ళు తాగాలి, ఎక్కడ అరటిపండు తినాలి, ఎక్కడ కాళ్ళు చాపుకోవాలి, అన్నీ వరసగా రాసుకున్నాను. కర్లపాలెం దాకా బ్రహ్మాండంగా వచ్చాను. ప్రణాళికలో కర్లపాలెం అంటే మొదటి అరటిపండు. మిగతా దారంతా నేనూ సైకిలూ ఒక ట్రాలీ ఆటోలో, పచ్చగడ్డి మోపుల మీద ప్రయాణం చేశాం. మిగిలిన అరటిపళ్ళు డ్రైవరు తిన్నాడు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే కాలవ కట్ట మీద తొక్కడం పెట్టుకున్నాను. ఊరు దాటి సంగం జాగర్లమూడి వైపు పోయే ఆ కట్ట మీద ఎర్రమట్టి, కంకర. రెండున్నర మీటర్ల వెడల్పు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క పొలాల్లోకి దిగే వాలు. నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ దారి అదే, కుక్కలకీ అదే.

రెండో వారంలో పిన్నిగార్ల మీద ఒక పరిశీలన చేశాను. వెనకనుంచి చప్పుడు చెయ్యకుండా పోతే వాళ్ళ మధ్యలో ఎక్కడో ఒక సందు ఉంటుంది, దూరిపోవచ్చు. బెల్లు కొడితేనే ప్రమాదం. మొదటావిడ ఎడమకి పోతుంది. రెండో ఆవిడ కుడికి పోతుంది. మూడో ఆవిడ ఉన్నచోటే ఆగి, "ఎవరే?" అంటుంది. నాలుగో ఆవిడ ముందు ఎడమకి పోయి, రెండో ఆవిడ ఒంటరిగా ఉందని గమనించి, దారికి అడ్డంగా పరుగెత్తి ఆవిడ చెయ్యి పట్టుకుంటుంది. ఆ పరుగు సమయంలోనే నేను అక్కడికి చేరుకున్నాను. ఆవిణ్ణి తప్పించబోయి ఇసక గుట్టలోకి పోయాను.

నలుగురూ కలిసి నన్ను లేపారు. పైటకొంగుతో మొహం తుడిచారు. బాటిల్లో నీళ్ళిచ్చారు. దెబ్బలేమీ తగల్లేదని తేలాక తిట్టడం మొదలుపెట్టారు.

"అంత స్పీడేంటి బాబూ? ఏం కొంపలంటుకున్నాయని?"

"బెల్లు కొట్టానండి."

"కొట్టావు, సరే. కొట్టాక ఆగాలా వద్దా?"

"మీరు పక్కకి జరుగుతారనుకున్నానండి."

"జరిగాం కదా! నలుగురం జరిగాం!"

ఇంటికొచ్చి, చెవుల్లోంచి ఇసక దులుపుకుని, నియమాలు రాశాను.

నిజానికి అందులో కొన్ని మంచివే, ఇప్పటికీ అంటాను. అందరూ ఎడమ పక్కన ఉండాలి. దాటేవాళ్ళు కుడినుంచి దాటాలి. ఇద్దరికి మించి పక్కపక్కన నడవకూడదు. రెండు చెవుల్లోనూ పాటలు పెట్టుకోకూడదు. ఆగాలనుకుంటే దారి మధ్యలో కాక అంచుకి వచ్చి ఆగాలి. ముసలివాళ్ళ దగ్గర, పిల్లల దగ్గర సైకిలు దిగి నడిపించుకుపోవాలి. వీటిలో ఏ ఒక్కదానితోనూ ఎవరూ గొడవ పెట్టుకోలేదు, పాటించనూ లేదు.

గొడవ పెట్టుకున్నది వెనక్కి నడిచే బాబాయిగారొక్కరే. ఆయన కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. వెనక్కి నడిస్తే మోకాళ్ళు బాగుపడతాయని ఎవరో చెప్పినప్పటి నుంచి ఆయన కట్ట మీద ముందుకి నడిచింది లేదు. ఆయన వీపు కనిపిస్తే మనవైపు వస్తున్నట్టు, మొహం కనిపిస్తే మననుంచి దూరంగా పోతున్నట్టు. కొత్తవాళ్ళకి ఇది అర్థమవడానికి కొంచెం టైం పడుతుంది, అప్పటికి ఆయన వచ్చి తగులుతారు. అందుకే వెనక్కి నడవడం నిషేధం అని ఏడో నియమం పెట్టాను. టీ బండి దగ్గర అరగంట వాదన జరిగింది.

"ఎడమ పక్కన నడవమన్నావు. నడుస్తున్నాను. నా ఎడమ ఇదిగో." ఆయన చెయ్యెత్తి చూపించారు.

"అది మీ మొహానికి ఎడమండి బాబాయిగారూ. మీరు పోయే దిక్కుకి అది కుడి."

"నా ఎడమ చెయ్యి నేను తిరిగినప్పుడల్లా మారదోయ్."

చివరికి "వెనక్కి నడిచేవారు వెనక చూసుకొనవలెను" అని మార్చాను. ఆయన సంతకం పెట్టినంత గంభీరంగా తలూపారు.

ఇక నాలుగో నియమం. "సైకిళ్ళు నడిచేవారి వేగమును మించరాదు." దీనికి నేను లెక్క కట్టాను. కంకర మీద ఫలానా వేగంతో పోయే సైకిలు, బ్రేకు వేశాక ఎంత దూరం జారుతుంది, ఆ లోపు నాలుగో పిన్నిగారు రోడ్డు దాటడానికి ఎంతసేపు పడుతుంది అని ఫోన్లో గ్రాఫు గీసి టీ బండి దగ్గర చూపించాను. డాక్టరు చీటీని చూసినట్టు అందరూ దాన్ని చేతులు మార్చి చూశారు. ఎవరికీ అర్థం కాలేదు కాబట్టి అందరూ నమ్మారు.

రెండు చక్రాల బండి నిలబడేది కదలడం వల్ల. కదలిక ఒక హద్దు కన్నా తగ్గితే హ్యాండిల్ వణుకుతుంది, ఇంకా తగ్గితే బండి పక్కకి ఒరుగుతుంది. ఇది నాకు తెలుసు. పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. టీ బండి దగ్గర మాత్రం నాకు బ్రేకు దూరం ఒక్కటే గుర్తుంది.

పాలవాళ్ళు ఫ్లెక్సీ చదవలేదు. నా సంగతికొస్తే, పిన్నిగార్ల వెనక, వాళ్ళ నడక వేగంతో, హ్యాండిల్ని రెండు వైపులా ఊపుతూ, జాతరలో నెత్తిన గరగ ఎత్తుకున్నవాడిలా పోయేవాణ్ణి. రెండో రోజుకి దిగి నడిపించుకుపోవడమే నయమనిపించింది. "ఏంటి బాబూ, సైకిలుకి వాకింగ్ చేయిస్తున్నావా?" అని పొడవాటి పిన్నిగారు రోజూ అడిగేది. రోజూ మిగతా ముగ్గురూ నవ్వేవాళ్ళు.

నా నియమాన్ని అక్షరాలా పాటించినవాళ్ళు ఇద్దరే. క్యారియర్ పట్టుకున్న అత్తగారు, సైకిలు మీద ఉన్న అక్క.

వాళ్ళు మా వీధికి రెండు వీధుల అవతల ఉంటారు. ముస్లిం కుటుంబం. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. అత్తగారు కోడల్ని ప్రేమగా పిలిచేది ఉర్దూలో, తిట్టేది మాత్రం తెలుగులో, అందరికీ అర్థం కావాలని. అక్క ఇంట్లో జాకెట్లు కుట్టేది. రెడీమేడ్‌వి వచ్చాక కుట్టు తగ్గింది. భర్తది బాపట్లలో ఒక దుకాణంలో పని, వారానికోసారి వస్తాడు. ఇప్పుడు సంగం జాగర్లమూడిలో ఒక హాస్టలు వంటగదిలో ఆమెకి పని దొరికింది. ఒకటో తారీకున చేరాలి. పొద్దున ఆరున్నరకల్లా అక్కడ పొయ్యి వెలగాలి. ఆ టైముకి ఆటోలు కదలవు, నిండితే గాని బయల్దేరవు. సైకిలు తొక్కడం వస్తే ఉద్యోగం ఉంటుంది, రాకపోతే లేదు. ఆ ఊళ్ళోనే ఇంకొకామె ఆ పని కోసం ఎదురుచూస్తోందని హాస్టలు వాళ్ళు ముందే చెప్పేశారు.

అక్కది రేపల్లె. సైకిలు ఆమె తమ్ముడు అక్కణ్ణించి పాసింజరు రైల్లో వేసుకొచ్చి ఇచ్చి వెళ్ళాడు.

"మా నాన్నకి అద్దె సైకిళ్ళ షాపుండేది తమ్ముడూ," అంది ఒకరోజు, పడి లేచి చెయ్యి దులుపుకుంటూ. "పదహారు సైకిళ్ళు. పంక్చరు వేసేదాన్ని, చైను బిగించేదాన్ని, గాలి కొట్టేదాన్ని. ఒక్కదాన్నీ ఎక్కనివ్వలేదు."

ఆమె రోజూ పడుతోంది. కారణం నాకు కనపడేసరికి ఒకటో తారీకు ఇంక తొమ్మిది రోజుల్లోకి వచ్చింది. ఆ పొద్దున నేను నా సైకిలుని నడిపించుకుంటూ వాళ్ళ వెనక పోతున్నాను. అక్క కాలు పెడల్ మీద పెట్టి ఒక్క తోపు తోసింది. సైకిలు ముందుకి పోయింది, చక్కగా. వెంటనే వెనకనుంచి అత్తగారు క్యారియర్ పట్టి గుంజింది.

"ఆగు! నాకంటే ముందుకి పోకు!"

సైకిలు ఒరిగింది. అక్క పొలం వైపు వాలులోకి జారింది. మోచెయ్యి గీసుకుపోయింది.

"ఎందుకు లాగారండి మామ్మగారూ?" అన్నాను.

అత్తగారు ఫ్లెక్సీ వైపు చెయ్యి చూపించింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, గట్టిగా, బళ్ళో పిల్లలా చదివింది. "నడి-చే-వారి వేగ-మును మించ-రాదు. నడిచేదాన్ని నేను. నన్ను మించకూడదు. నువ్వే రాశావుగా?"

అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఆవిడ వేగం బాబాయిగారి వెనక్కి నడక కన్నా తక్కువ. ఆ వేగంలో సర్కసు వాళ్ళు కూడా సైకిలు మీద నిలబడలేరు.

"ఆ నియమం మీకు కాదండి."

"ఎందుకు కాదు? మేం మనుషులం కాదా?"

"అది కాదండి. సైకిలు కాస్త వేగంగా పోతేనే పడకుండా ఉంటుంది."

"వేగంగా పోతే పడదా? మొన్న టీ బండి దగ్గర ఫోన్ చూపించి చెప్పావే, వేగంగా పోతే ఎముకలిరుగుతాయని?"

"రెండూ నిజమేనండి."

"రెండూ నిజమైతే బోర్డు మీద ఒకటే ఎందుకు రాశావు బేటా?"

అక్క వాలులో కూర్చునే నవ్వింది. తర్వాత మోచెయ్యి చూసుకుని నవ్వు ఆపింది. "ఒకటో తారీకు దగ్గరికొచ్చేసింది తమ్ముడూ," అంది. తిడితే బాగుండేది.

ఆ రోజే టీ బండి దగ్గర నాలుగో నియమం రద్దు చేద్దామని ప్రతిపాదించాను. నా మాట వినిపించుకునే పరిస్థితి లేదు. వారం క్రితం వాళ్ళని ఒప్పించినవాణ్ణి నేనే.

"నియమం అంటే నియమమేనోయ్," అన్నారు బాబాయిగారు. "ఏడోది నా మీద పెట్టినప్పుడు నేనేమన్నా అన్నానా?"

"అన్నారండి. అరగంట అన్నారు."

"అన్నాక ఒప్పుకున్నానా లేదా?"

పొడవాటి పిన్నిగారి మాట మాత్రం తీసిపారేయడానికి వీల్లేనిది. "ఆ అమ్మాయి బాగా నేర్చుకోవాలనే మాకూ ఉంది. కానీ బ్రేకు వెయ్యడం రానిది వేగంగా వచ్చి మాలో ఒకర్ని గుద్దితే? ఈ వయసులో తుంటి ఎముక పోతే మంచమే. నువ్వొచ్చి వండిపెడతావా?"

"వండటం రాదండి."

"అదీ సంగతి."

అప్పుడు నేను జేబులోంచి కాగితం తీశాను. కట్టని మూడు భాగాలు చెయ్యడం, ఒక్కో భాగానికి వేళలు, మొదట్లో ఒకరు చివర ఒకరు ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడటం, నేను విజిల్ వెయ్యడం. చెబుతూ ఉంటే వాళ్ళ మొహాల్లోకి ఒక జాలి వచ్చింది. జ్వరంలో మాట్లాడేవాణ్ణి ఎవరూ మధ్యలో ఆపరు కదా, అలా విన్నారు.

ఎర్రగుడ్డ దాకా చెప్పేసరికి గేదెలు వచ్చాయి.

అవి రోజూ ఆ టైముకి వస్తాయి. పాతిక దాకా ఉంటాయి. ఉత్తరం వైపు నుంచి ఊళ్ళోకి, కట్ట మధ్యలోంచి, ఎవరినీ చూడకుండా. వెనక తోలుకొచ్చేవాడు ఫోన్లో మాట్లాడుకుంటూ వస్తాడు. టీ బండి దగ్గరున్న వాళ్ళందరూ గ్లాసులు చేత్తో పట్టుకుని, మాట ఆపకుండా, కాలవ వైపు అంచుకి జరిగి వరసగా నిలబడ్డారు. కట్ట పొడవునా నడిచేవాళ్ళూ అంతే చేశారు. పిన్నిగార్లు నాలుగు దిక్కులకి పోలేదు. నలుగురూ ఒకే వైపు జరిగారు. బాబాయిగారు ఎడమ ఏది అని అడగలేదు. నేను కూడా కాగితం పట్టుకుని జరిగాను, జరుగుతున్నట్టు నాకే తెలియకుండా.

"గేదెలకి ఎవరు చదివి వినిపించారు బాబూ నీ రూల్సు?" అంది పొట్టి పిన్నిగారు. అందరూ నవ్వారు.

అక్క నవ్వలేదు. గేదెలు పోయిన దారిని చూస్తోంది. "అవి పోయాక మీరు మళ్ళీ మధ్యలోకి ఎప్పుడొస్తారు పిన్నీ?"

"మధ్యలోకెందుకొస్తాం? అంతా పేడ. ఎండలో కాస్త ఆరేదాకా అంచునే నడుస్తాం."

"అందరూనా?"

"అందరూనూ. కొత్త చెప్పులు తొక్కుకోవడానికి ఎవరికి సరదా?"

అక్క సైకిలు ఉత్తరం వైపు తిప్పి పెట్టుకుంది. "నాకు పేడైనా పర్లేదు," అంది.

గేదెలు దక్షిణానికి పోతాయి, ఆమె ఉత్తరానికి పోవాలి. ఆమె ముందు కట్ట మధ్యంతా ఖాళీ, జనమంతా అంచున. నా కాగితంలో ఎర్రగుడ్డలతో, విజిల్‌తో, వేళలతో సాధించాలనుకున్నది ఇదే. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎవరూ చూడలేదనుకున్నాను గానీ బాబాయిగారు చూశారు.

అయినా అత్తగారు క్యారియర్ వదల్లేదు. "నేను పట్టుకోకపోతే పడుతుంది," అంది. పట్టుకుంటేనే పడుతోందని ఆవిడకి చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు. మర్నాడు గేదెలు పోగానే కోడలు సైకిలెక్కింది, అత్తగారు వెనక. నాలుగడుగులు వేశారు. దారి మధ్యలో, పళ్ళెమంత పేడ. అక్క హ్యాండిల్ కొంచెం తిప్పి చక్రాన్ని పక్కనుంచి పోనిచ్చింది. అత్తగారి కాలు సరిగ్గా దాని మీదికి రాబోయింది. రంజాన్‌కి కొడుకు కొన్న చెప్పులు. ఆవిడ ఒక్క గెంతు వెనక్కి గెంతింది. రెండు చేతులతో కుచ్చిళ్ళు పైకెత్తుకుంది.

రెండు చేతులతో. క్యారియర్ మీద చెయ్యి లేదు.

సైకిలు పోతోంది. పది మీటర్లు, ఇరవై మీటర్లు. అక్కకి తెలియదు. ఆమె పేడ కుప్పల మధ్యనుంచి ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పుకుంటూ పోతోంది. తిప్పడం ఎలాగో నేను కాగితం మీద బాణాలు గీసి చెప్పినప్పుడు రానిది, పేడ తప్పించడానికి దానంతటదే వచ్చేసింది. కొంత దూరం పోయాక, "అత్తమ్మా, నొప్పిగా ఉంటే వదిలెయ్, ఆగుదాం," అని అరిచింది.

జవాబు రాలేదు. వెనక్కి తిరిగి చూసింది. ఆవిడ చాలా దూరంలో, చీర ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది.

అప్పుడు అక్క పెద్ద కేక పెట్టింది. కానీ కాళ్ళు ఆపలేదు. ఎలా ఆపాలో తెలియదు, ఎప్పుడూ ఆపాల్సినంత వేగం వస్తే కదా. నేను సైకిలెక్కి వెంటపడ్డాను. "బ్రేకు! రెండు బ్రేకులూ! ముందుది ఒక్కటే నొక్కకండి! వెనకది ముందు!" అంటూ. ఆమె ఏదీ నొక్కలేదు. ఇసక గుట్ట వచ్చేదాకా పోయి, దానిలోకి పోనిచ్చి, సైకిలు దానంతటది ఆగాక దిగింది. నా పట్టికలో ఆ గుట్ట 'తొలగించవలసిన ప్రమాదం' కింద ఉంది. ఆ వారంలో అది అయిదారుసార్లు ఆమెకి బ్రేకుగా పనిచేసింది.

నేను వెళ్ళేసరికి ఆమె ఇసకలో కూర్చుని చెప్పులు దులుపుకుంటోంది. "ఎంత దూరం వచ్చాను తమ్ముడూ?"

"మూడు వందల మీటర్లకి కాస్త ఎక్కువ ఉంటుందండి."

"పడలేదు కదా?"

"లేదక్కా."

"ఏంటి, అంత పెద్దగా అరిచావు ఏదో?"

"ఏం లేదండి."

బ్రేకు వెయ్యడం తర్వాతి రెండు రోజుల్లో నేర్చుకుంది. నేను నేర్పాను అనను. నేను వివరించాను, ఆమె నేర్చుకుంది. ఆ రెంటికీ సంబంధం ఉన్నట్టు నాకు కనిపించలేదు. ఒక విషయం మాత్రం ఆమెని చూసి నేను నేర్చుకోవాల్సి వచ్చింది. దారిలో ఎవరైనా ఉంటే ఆమె బెల్లు కొట్టదు. దూరం నుంచే, "పిన్నీ, నేనే, కుడి పక్కన వస్తున్నా," అంటుంది. "బాబాయ్, కొంచెం ఆగండి, దాటిపోతా," అంటుంది. పాలవాళ్ళని "అన్నా" అంటుంది. వచ్చేది ఎవరో తెలిస్తే జనం నాలుగు దిక్కులకి పరుగెత్తడం లేదు. ఉన్నచోటే ఉండి, "పద పద, మెల్లగా," అంటున్నారు. నేనూ అలా ప్రయత్నించాను. "పిన్నిగారూ, నేనేనండి," అన్నాను వెనకనుంచి. నలుగురూ ఆగి, వెనక్కి తిరిగి, "ఎవరూ?" అన్నారు.

ఆమెకి బ్రేకు వచ్చిందని పిన్నిగార్లూ ఒప్పుకున్నాక, నాలుగో నియమం మీద తెల్ల స్టిక్కరు అంటించాం. షాపతను కొలత తప్పు కట్ చేసిచ్చాడు. అది నియమంతో పాటు నా గడ్డాన్నీ, నమస్కారం పెడుతున్న చేతుల్లో ఒకదాన్నీ కప్పేసింది. ఒక చేత్తో దణ్ణం పెడుతున్న గడ్డం లేని మనిషిగా ఇంకో రెండు వారాలు ఉన్నాను.

ఒకటో తారీకున కట్ట మీదికి వెళ్ళేసరికి వెలుగు ఇంకా సరిగ్గా రాలేదు. గేదెలు రావడానికి చాలా టైముంది. అక్క బుట్టలో టిఫిన్ డబ్బా, ఏప్రాన్ పెట్టుకుంది. అత్తగారు చున్నీ అంచు చైనులో పడకుండా కోడలి నడుముకి ముడివేస్తోంది. నేను రక్షణగా వెంట వెళ్తానని ముందురోజే చెప్పాను. మెరిసే పట్టీలున్న పసుప్పచ్చ జాకెట్టు వేసుకున్నాను. సంచిలో పంపు, ట్యూబు, రెంచీ, దూది, అయోడిన్, విజిల్, టార్చి.

అత్తగారు నన్ను పైనుంచి కిందకి చూసింది. "వెనకే ఉండు బేటా. పట్టుకోకు. అరవకు."

"అలాగేనండి."

పిన్నిగార్లు అప్పటికే నడుస్తున్నారు. ఎప్పుడూ అంత పొద్దున్నే రారు. "నేనే పిన్నీ," అంది అక్క. నలుగురూ కాలవ వైపు జరిగి, వరసగా నిలబడ్డారు. ముందు గేదెలేమీ లేవు. "పొయ్యి దగ్గర చున్నీ జాగ్రత్తమ్మా," అంది పొడవాటి పిన్నిగారు. బాబాయిగారు మా వైపు మొహం పెట్టి, మా దిక్కుకే వెనక్కి నడుస్తున్నవారు, మేం దాటేదాకా ఆగారు. అత్తగారు ఫ్లెక్సీ దగ్గరే నిలబడిపోయింది. చాలా దూరం పోయాక తిరిగి చూస్తే ఆవిడ తెల్ల చీర ఇంకా అక్కడే ఉంది.

ఊరు దాటాక కట్ట మీద మేమిద్దరమే. అక్క ఒకే వేగంతో తొక్కుతోంది, ఎక్కడా ఊగడం లేదు. కల్వర్టు దగ్గర ఎదురుగా పాలసైకిలు వస్తుంటే, ఆమె ముందే "అన్నా" అని పలకరించి, అంచుకి వచ్చి, కాలు కింద పెట్టి ఆగింది. అతను దాటాక మళ్ళీ ఎక్కింది. ఆ సమయంలో నేను విజిల్ వెయ్యడానికి ఒక చెయ్యి వదిలాను, కంకరలో ముందు చక్రం జారింది. అక్క కొంచెం దూరం పోయి, ఆగి, "దెబ్బ తగిలిందా తమ్ముడూ?" అని అడిగి, లేదన్నాక, "ఆలస్యమైపోతుంది, నేను పోతుంటాను, నువ్వు రా," అని వెళ్ళిపోయింది. ఆ అయోడిన్ నేనే పూసుకున్నాను.

హాస్టలు గేటు దగ్గరికి నేను వెళ్ళేసరికి ఆమె సైకిలుకి స్టాండు వేసి, తాళం పెట్టి, ఏప్రాన్ కట్టుకుంటోంది. లోపల్నుంచి ఎవరో, "వచ్చావా అమ్మా, రా రా, బియ్యం కడగాలి," అన్నారు. ఆరున్నరకి ఇంకా టైముంది. ఆమె నా వైపు చెయ్యి ఊపి లోపలికి వెళ్ళింది. మొత్తం దూరం ఎంతొచ్చిందో చూద్దామని హ్యాండిల్ మీదున్న మీటరు వైపు వంగాను. గేటు ముందు మెరక ఉంది, చూసుకోలేదు.

దారిలో పడిన సార్లు: ఆమె సున్నా, నేను రెండు.